తూకం తప్పని సున్నం



పండక్కో, ఇంట్లో పెళ్లికో గోడలకు సున్నం వేయించడం మనకు తెలిసిందే. ఇప్పుడు డబ్బాల రంగులు వచ్చాయి గాని, తాంబూలంలోకి మాత్రం సున్నమే కావాలి. ఆ సున్నం వెనక పెద్ద చరిత్రే ఉంది.

మా అమ్మమ్మగారిది గద్వాల వైపు మానవపాడు. వాళ్లు ఇల్లు కట్టుకునేటప్పుడు, బట్టీ కాల్చే ఒకామెకు 10 మణుగుల సున్నపురాయి తూచి ఇచ్చారట. కాల్చి తెచ్చాక తూస్తే అయిదున్నర మణుగులే తేలింది. "తక్కింది ఎక్కడ దాచావే?" అని ఇంట్లో మగవాళ్లు కేకలేసి, కూలి కోసేశారు. "బట్టీయే తిన్నదమ్మా, నేను తినలేదు" అని ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయిందట. అమ్మమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేది.

ఒకప్పుడు నిప్పే రాయిలోకి దూరి సున్నానికి ఆ ఘాటు ఇస్తుందని పెద్దపెద్ద పండితులే అనుకునేవారు. మరి ఏదో లోపలికి దూరితే బరువెందుకు తగ్గాలి? స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు త్రాసు పట్టుకుని కూర్చున్నాడు. కాల్చినప్పుడు రాయిలోంచి ఒక గాలి బయటికి పోతుందని, తగ్గిన బరువు దానిదేనని 1756లో వెలువడిన వ్యాసంలో చూపించాడు. మనం బొగ్గుపులుసు వాయువు అనేది అదే.

లెక్క చూడండి. స్వచ్ఛమైన రాయి 10 కిలోలు కాలిస్తే 5.6 కిలోల పొడిసున్నం మిగులుతుంది, 4.4 కిలోల గాలి పోతుంది. ఆ పొడిసున్నం 1.8 కిలోల నీళ్లు పీల్చుకుని 7.4 కిలోల తడిసున్నమవుతుంది. ఆ వేడికి కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి గనక పోసేటప్పుడు ఎక్కువే పోయాలి. గోడకు పూశాక ఆ సున్నం మెల్లిగా 4.4 కిలోల గాలిని మళ్లీ పీల్చుకుని, 1.8 కిలోల నీళ్లు వదిలేసి, తిరిగి 10 కిలోల రాయే అవుతుంది! సున్నపు గోడ నాళ్లు గడిచేకొద్దీ గట్టిపడడంలో రహస్యం ఇదే.

మార్పు ఏదైనా మొత్తం బరువు మారదని ఫ్రాన్సులో లావోజియే 1789లో తన గ్రంథంలో రాశాడు. అందులోని పరికరాల బొమ్మలన్నీ గీసింది ఆయన భార్య మరీ ఆన్. 13వ ఏట పెళ్లయిన ఆ పిల్ల ఇంగ్లీషు నేర్చుకుని, భర్త కోసం రసాయన గ్రంథాలు అనువదించింది. 1794 మే 8న విప్లవ ప్రభుత్వం ఆమె భర్తనూ తండ్రినీ ఒక్కరోజే చంపించింది. అయినా ఆవిడ కుంగిపోక, భర్త వ్యాసాలు కూడగట్టి అచ్చువేయించింది. ఈ పాళ్ల లెక్కకు స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టింది మాత్రం జర్మనీకి చెందిన రిక్టర్, 1792లో.

ఒక్క హెచ్చరిక. పొడిసున్నం మీద నీళ్లు కుమ్మరించకండి. నీళ్లలోనే సున్నాన్ని కొంచెం కొంచెంగా వేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. కంట్లో పడితే నూనె, పాలు అనకుండా వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి, డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఇక ఆ బట్టీ ఆమె సంగతి. 10 మణుగులకు 5.6 రావాలి. ఆమె తెచ్చింది అయిదున్నర. ఆ రవ్వంత తేడాకు ఆమె దాచుకుందని అనలేం. త్రాసు అబద్ధం చెప్పలేదు, ఆమే చెప్పలేదు. లెక్క తెలియనిది మా వాళ్లకే. కోసిన కూలి ఆమెకు తిరిగి అందలేదు. ఇంట్లో ఏదైనా తక్కువైతే పనిమనిషి మీద అనుమానం పడేముందు, ఒక్కసారి ఆ 4.4 కిలోల గాలిని తలచుకుందాం.