దవడ కీలు రుగ్మతలలో చెవి లక్షణాలు

దవడ కీలులో గాని, నమిలే కండరాలలో గాని దోషం కలిగినప్పుడు, చెవిలో ఏ జబ్బూ లేకున్నా చెవి బాధలు కనిపించవచ్చును. చెవిపోటు, చెవి దిబ్బడ, చెవిలో హోరు వీటిలో ముఖ్యమైనవి. కొందరికి తల తిరుగుతున్నట్లు ఉంటుంది. వినికిడి తగ్గిందని అనిపించినా పరీక్షలో తరచు మామూలుగానే ఉంటుంది.

కారణాలు

దవడ కీలును వైద్యులు టెంపొరోమాండిబ్యులర్ జాయింట్, క్లుప్తంగా టి.ఎం.జె. అంటారు. కింది దవడ ఎముక కణత ఎముకతో కలిసే ఈ కీలు చెవి రంధ్రానికి సరిగ్గా ముందు ఉంటుంది. అక్కడ వేలు ఆనించి నోరు తెరచి మూస్తే దాని కదలిక తెలుస్తుంది. ఈ కీలుకూ, చెవి నాళపు ముందు గోడకూ, కర్ణభేరిలో కొంత భాగానికీ స్పర్శజ్ఞానాన్ని అందించేది ఆరిక్యులోటెంపొరల్ నాడి. అందువలన కీలులో పుట్టిన నొప్పిని మెదడు చెవిపోటుగా పొరబడుతుంది.

కర్ణభేరిని బిగించే టెన్సర్ టింపాని కండరమూ, నమిలే కండరాలూ ఒకే మాండిబ్యులర్ నాడి అధీనంలో ఉంటాయి. పళ్ళు బిగబట్టేవారిలో దిబ్బడకూ హోరుకూ ఇదే కారణం కావచ్చునని ఒక అభిప్రాయం. ఇది రుజువు కాలేదు.

చరిత్ర

1934లో అమెరికాకు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ 11 మంది రోగులలో ఈ లక్షణాలను వర్ణించాడు. పళ్ళు ఊడినవారిలో దవడ అతిగా మూసుకొని చెవి పరిసరాలను నొక్కుతుందని ఆయన వాదన. దీనిని చాలాకాలం కాస్టెన్ సిండ్రోమ్ అన్నారు. ఆయన చెప్పిన కారణాన్ని శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు తరువాత తోసిపుచ్చారు గాని, ఆయన గమనించిన సంబంధం మాత్రం నిలిచింది.

నిర్ధారణ

నమిలినప్పుడు, ఆవులించినప్పుడు నొప్పి పెరగడం, ఉదయం దవడ బిగుసుకొని ఉండటం, పళ్ళు బిగించినప్పుడు హోరు మారడం కీలు దోషాన్ని సూచిస్తాయి. నొప్పి లేకుండా కీలు టక్కుమన్నంత మాత్రాన చికిత్స అవసరం లేదు.

అయితే ముందుగా చెవినీ గొంతునూ పరీక్షించకుండా తప్పు దవడదే అనుకోవడం ప్రమాదకరం. చెవి ఆరోగ్యంగా కనిపిస్తూ నొప్పి పెట్టడం నాలుక మొదలు, గొంతు భాగాల క్యాన్సరుకు కూడా లక్షణమే. పొగాకు వాడేవారు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. గుట్కా, వక్క నమిలేవారికి నోరు సరిగా తెరుచుకోకపోతే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చును. హఠాత్తుగా వినికిడి పోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

చికిత్స

చాలామందికి శస్త్రచికిత్స అక్కరలేదు. కొన్ని వారాలు మెత్తని ఆహారం తీసుకోవాలి. చెరకు, గట్టి జంతికలు, చూయింగ్ గమ్ మానాలి. దవడకు కాపడం పెట్టవచ్చును. నమలనప్పుడు పెదవులు కలిసినా పళ్ళు ఎడంగా ఉండాలి. ఈ చిన్న అలవాటు చేసుకోవడమే చాలామందికి కష్టం. వైద్యుని సలహాపై కొద్దిరోజులు నొప్పి మాత్రలు, దవడ వ్యాయామాలు, రాత్రివేళ పళ్ళకు తొడిగే స్ప్లింటు వాడతారు. వీటికి లొంగనివారిలో కొందరికి సూదులతో కీలును కడుగుతారు. పళ్ళను అరగదీసి కాటు సరిచేయడం వంటి తిరిగి మార్చలేని చికిత్సలకు మొదటే పూనుకోరాదు.

చెవిపోటు అనగానే నూనె కాచి చెవిలో పోయడం మన ఇళ్ళలో పరిపాటి. ఈ నొప్పికి అది పనిచేయదు సరికదా, కర్ణభేరికి చిల్లు ఉంటే హాని చేస్తుంది.

దవడ కుదుటపడితే చెవిపోటు, దిబ్బడ సాధారణంగా తగ్గుతాయి. హోరు మాత్రం కొందరిలో మిగిలిపోతుంది.