చీర అంచు నుంచి ఫొటో అంచు దాకా



ఈ డిజిటల్ సంచిక కోసం షోలాపూర్, భివండీ, బరంపురం, సేలం, బెంగళూరు, యానాం నుంచి మనవాళ్లు పాత ఫొటోలు పంపించారు. మేము వాటిని శుభ్రం చేసి, చుట్టూ తామరపూల అంచు పెట్టి, పంపినవాళ్లకే ఒకసారి చూపించాం. అందరూ బాగుందన్నారు. షోలాపూర్ నుంచి ఒక పెద్దావిడ మాత్రం ఫోన్ చేసి, "నాయనా, ఫొటో మెరిసిపోతోంది గానీ, మా మామగారి ఊరు ఏమైంది?" అని అడిగారు.

మాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చూస్తే, ఆ ఫొటో అంటించిన అట్ట కింది అంచులో స్టూడియో పేరు, ఊరు ఉన్నాయట. పక్కనే ఎవరో సిరాతో సంవత్సరం రాశారట. ఆ కుటుంబం ఊరు విడిచి ఎప్పుడొచ్చిందో చెప్పే కాగితం ఇంకేదీ లేదు. మేము మాసిపోయిందని ఆ అట్టను కత్తిరించేశాం, దాని మీదే సేవ్ కూడా చేసేశాం. గోడకున్న అసలు ఫొటో అప్పటికే వానకు తడిసి అద్దానికి అంటుకుపోయింది. చివరికి మనవడి పాత ఫోన్‌లో మొదటి కాపీ దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ ఫోన్ అమ్మేసి ఉంటే?

అంచు విలువ తెలిసిన నేతగాళ్ల బిడ్డలం మనం. మనమే అంచు కోసేస్తే ఎలా? అందుకే ఈ నాలుగు మాటలు.

అంచు ముందు కాపు, తర్వాత అందం

బట్టకు అంచు పుట్టింది సోకు కోసం కాదు. పేక నూలు ప్రతిసారీ తిరిగే చోటు అది. అక్కడ పడుగు పోగులు ఒత్తుగా లేకపోతే బట్ట ఒరుసుకుపోతుంది, అంచు ఊడుతుంది. ముందు గట్టిదనం కోసం పెట్టుకున్న ఆ జాగాలోనే మన పెద్దలు తర్వాత రంగు పెట్టారు, జరీ పెట్టారు, కథ పెట్టారు. గద్వాల చీరకు కోటకొమ్మ, ఇల్కల్ చీరకు చిక్కి, గోమి, బరంపురం పట్టుకు గుడి శిఖరాల్లాంటి కుంభం. కంచిలో కోర్వై నేతలో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. రెండింటి పేకలూ కలిసేచోట ముడిపడాలి కాబట్టి పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు నాడె అందించేవాడు. అంచు చూసి చీర ఏ ఊరిదో చెప్పేవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

ఫొటోకు అంచు ఎలా వచ్చింది

1839లో పారిస్‌లో డాగెర్ ఫొటో పద్ధతి లోకానికి వెల్లడైంది. అదే 1839లో ఫ్రాన్స్‌లోని లియోన్ నేతగాళ్లు జకార్డు బొమ్మను పట్టుతో నేశారు. దానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. చూసినవాళ్లు అది నేసిన బట్ట అంటే నమ్మలేదు, అచ్చువేసిన చిత్రం అనుకున్నారు. అంటే వెలుతురుతో బొమ్మ దించడం, నూలుతో బొమ్మ దించడం ఒకే ఏడాది కలిశాయి. షోలాపూర్‌లో మనవాళ్లు నేసే వాల్ హ్యాంగింగ్‌ల మీది దేవుళ్లు, నాయకుల బొమ్మలు కూడా ఆ దారిలోవే.

డాగెర్ ఫొటో రాగి పలక మీద, వెండి పూతపై పడేది. చెయ్యి తగిలితే చెరిగిపోయేది. అందుకని చుట్టూ ఇత్తడి చట్రం, పైన అద్దం పెట్టారు. ఇక్కడా ముందు కాపే! 1854లో డిస్‌దెరి అనే ఫ్రెంచివాడు, అట్ట మీద అంటించే చిన్న ఫొటోలను ఒకే పలక మీద చాలా తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత పెద్ద క్యాబినెట్ కార్డులొచ్చాయి. వాటి కింది అంచులో స్టూడియో పేరు బంగారు అక్షరాల్లో ఉండేది. మన దగ్గర సికింద్రాబాద్‌లో లాలా దీన్‌దయాళ్ స్టూడియో పెట్టింది ఈ కాలంలోనే.

తర్వాత డార్క్‌రూమ్‌లో కాగితం కదలకుండా అంచుల్ని పట్టీలతో బిగించేవారు. వెలుతురు తగలని ఆ మేర తెల్లగా మిగిలిపోయేది. అదే తెల్ల అంచు. కొన్ని ల్యాబులు 1950లు, 60లలో ఆ తెల్ల జాగాలోనే నెల, సంవత్సరం అచ్చువేసేవి. చేతి కాగితాన్ని పోలిన వంకీల అంచు కూడా ఆ రోజుల ఫ్యాషనే. పొలరాయిడ్ ఫొటో కింద ఎక్కువ తెలుపు ఉండేది దేనికంటారా? ఫొటోను కడిగే రసాయనం సంచి అక్కడ దాగి ఉండేది.

గ్రాఫ్ గడి, పిక్సెల్ గడి

అంచు డిజైన్ గీసేటప్పుడు మనం గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతాం కదా, కంప్యూటర్ ఫొటో కూడా అంతే. గడికో రంగు. 1990లో ఫొటోషాప్ వచ్చింది. 1994లో దానిలో లేయర్లు వచ్చాయి. దాంతో ఫొటో ఒక పొర, అంచు ఇంకో పొర అయ్యాయి. 1996లో పీఎన్‌జీ వచ్చాక నడుమ ఖాళీగా ఉండే ఫ్రేమ్ చేసి దేని మీదైనా వేసుకోవచ్చు. పెళ్లి ఆల్బమ్‌లలో మామిడాకులు, కలశాలు, నెమళ్లు అలా దిగినవే. 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ పాత ఫొటోల అంచుల్ని మళ్లీ ఫ్యాషన్ చేసింది. కాపు కోసం పుట్టిన అంచు ఇప్పుడు ఉత్త అలంకారమైంది. చిక్కు అక్కడే వచ్చింది.

మా తప్పు నుంచి మీకు నాలుగు మాటలు

పాత ఫొటోను అట్టతో సహా, వెనక వైపు కూడా స్కాన్ చేయండి. ముద్రలూ రాతలూ అక్కడే ఉంటాయి. ఆ మొదటి ఫైలును ముట్టుకోకండి, కాపీ మీదే పని చేయండి. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. రెడీమేడ్ ఫ్రేమ్‌ను ఫొటో మీద పరిస్తే చివర నిలబడినవాళ్లు దాని కిందకు పోతారు. కాబట్టి క్యాన్వాస్ పెంచి, ఆ కొత్త జాగాలో అంచు వేయండి. ఎవరిదో తామరపూలు ఎందుకు? మీ ఇంట్లో అమ్మమ్మ చీర ఉంటుంది. దాని అంచును నేరుగా ఫొటో తీసి, తాతగారి బొమ్మ చుట్టూ పెట్టండి. కింద ఊరు, సంవత్సరం, పేర్లు రాయండి.

ఆ పెద్దావిడ ఫొటోను ఈ సంచికలో అట్టతో సహా వేశాం. మరకలున్నాయి, మూల చిరిగింది. అయినా వాళ్ల మామగారి ఊరు మళ్లీ తన చోటికి వచ్చింది. దానికి మేము వేరే అంచు పెట్టలేదు.