బడి మూసిన నాడు సీమ కుటుంబాలకు అందినదేమిటి?

కరువుల చరిత్ర రాసేవాళ్లు ఎందరు చచ్చారో లెక్క చెబుతారు. ఎన్ని పశువులు పోయాయో, ఎన్ని ఊళ్లు పాడుబడ్డాయో చెబుతారు. కోవిడ్ చరిత్ర కూడా ఇదే పద్ధతిలో తయారవుతున్నది. ఎన్ని కేసులు, ఎన్ని మరణాలు, ఎన్ని టీకాలు అనే లెక్కలకు కొదవ లేదు. కాని 2020 మార్చిలో ప్రాథమిక పాఠశాలకు తాళం పడిన తర్వాత ఆ పాఠశాల చుట్టూ ఉన్న కుటుంబాలు ఏమయ్యాయి, వాటిని ఎవరు ఆదుకున్నారు, ఏ మేరకు ఆదుకున్నారు అన్న ప్రశ్న మన విమర్శకుల దృష్టికి ఇంకా పూర్తిగా రాలేదు. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను కర్నూలు, కడప జిల్లాల వరకు పరిశీలిస్తాను. జిల్లాలంటే 2022 ఏప్రిల్ 4న విడదీయక ముందున్న పాత జిల్లాలే.

నేను చెప్పదలచినది ఒక్కటే. బడి మూసిన కాలంలో ప్రభుత్వం బడిలోని వస్తువులను ఇంటికి పంపింది, బడిని పంపలేదు. ఈ రెండింటికీ తేడా ఉన్నది. ఆ తేడా బాగా నీళ్లున్న డెల్టా ఊరిలో కంటే, వానను నమ్ముకున్న మెట్ట ఊరిలో ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు తేదీలు చూద్దాం. మన రాష్ట్రంలో 2020 మార్చి 19న బడులు మూతపడ్డాయి. 9, 10 తరగతులు నవంబరు 2న తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చి, ఒకటి నుంచి అయిదు తరగతులను 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. మళ్లీ ఏప్రిల్ 20న మూసి ఆగస్టు 16న తెరిచారు. అంటే 2020లో ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఆ ఏడాది మొత్తంలో తరగతి గదిలో కూర్చున్నది మూడు నెలలకు లోపే. తమంత తాము చదువుకోగల పెద్ద పిల్లలకు ముందు, పక్కన కూర్చొని వేలు పట్టి దిద్దించవలసిన చిన్న పిల్లలకు చివర బడి దొరికింది. పరీక్షలున్న తరగతులకు ప్రాముఖ్యం ఇచ్చారు. అక్షరాలు నేర్చుకునే తరగతులను కుటుంబానికి వదిలేశారు.

ఆ కుటుంబం ఎటువంటిది? 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం, కడపలో 67 శాతం. కర్నూలు జిల్లా స్త్రీలలో సగం మందికి చదవటం, రాయటం రాదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పశ్చిమ మండలాల్లో ఖరీఫ్ పంట చేతికి వచ్చినా రాకపోయినా, ఆ తర్వాత కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు తరలిపోతాయి. అక్కడివాళ్లు దీన్ని సుగ్గికి పోవటం అంటారు. సుగ్గికి పోయేవాళ్లు పిల్లలను వెంట తీసుకుపోకుండా ఉండటానికే ఆ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు పెట్టవలసి వచ్చింది. ఇటు కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి తల్లులు ఇంటి పనులకు కువైట్ పోతారు. పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతారు. అవ్వ ముద్ద పెట్టగలదు, కథ చెప్పగలదు. ఫోనులో వచ్చిన వర్క్‌షీటు నింపించలేదు.

ఇటువంటి ఊరిలో బడి అనేది పాఠాలు చెప్పే గది మాత్రమే కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టవలసిందని ఆదేశించిన తర్వాత, బడి మధ్యాహ్నం పూట కూడు దొరికే చోటయింది. తల్లి కూలికి పోయినప్పుడు బిడ్డ భద్రంగా ఉండే చోటు అది. అన్నిటికంటే ముఖ్యంగా, బాల కార్మికత్వానికి అది ఒక అడ్డుగోడ. కర్నూలు జిల్లా పత్తి విత్తనాల చేలలో పూలకు క్రాసింగ్ చేసే పనికి ఆడపిల్లలను పెట్టుకోవటం 2000 తర్వాత దేశంలోనూ, విదేశాల్లోనూ చర్చకు వచ్చిన విషయం. ఆ పిల్లలను చేల నుంచి తప్పించింది చట్టం ఒక్కటే కాదు. ఊళ్లో తలుపు తెరిచి ఉన్న బడి తప్పించింది. ఆ తలుపు మూసుకున్నప్పుడు గోడ కూడా పడిపోయింది.

ఇప్పుడు సహాయం సంగతి. 2020 మార్చి 18న సుప్రీంకోర్టు తనంత తానుగా ఈ విషయం చేపట్టి, బడులు మూస్తే పిల్లల మధ్యాహ్న భోజనం ఏమవుతుందని రాష్ట్రాలను అడిగింది. మన ప్రభుత్వం బియ్యం, కోడిగుడ్లు, వేరుశనగ చిక్కీలు ఇళ్లకు చేర్చింది. 2021 జనవరిలో అమ్మఒడి రెండో విడత సొమ్ము తల్లుల ఖాతాల్లో పడింది. 2020 అక్టోబరులో పుస్తకాలు, సంచి, బూట్లు, యూనిఫాం గుడ్డ కలిపి విద్యాకానుక ఇచ్చారు. ఇవి తక్కువ సంగతులు కావు. పనులు లేని నెలల్లో ఆ బియ్యం, ఆ సొమ్ము ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. వీటిని ఎగతాళి చేసేవాళ్లకు ఆకలి తెలియదు.

అయినా ఈ సహాయం స్వభావం ఏమిటో విచారించాలి. ప్రాథమిక పాఠశాల బిడ్డకు కేంద్రం లెక్క రోజుకు 100 గ్రాముల బియ్యం. బడిలో వండినప్పుడు ఆ 100 గ్రాములు ఆ బిడ్డ పళ్లెంలోకే వస్తాయి. ఇంటికి పంపినప్పుడు అవి ఇంటి కుండలో పడతాయి. ఆ కుండ చుట్టూ అయిదుగురో ఆరుగురో ఉంటారు. ఇది తల్లి తప్పు కాదు. ఆకలిగా ఉన్న ఇంట్లో ఒక బిడ్డకు వేరుగా వండే తల్లి ఎక్కడా ఉండదు. బిడ్డ హక్కు కుటుంబపు రేషనుగా మారింది. కాగితం మీద గ్రాములు తగ్గలేదు. బిడ్డ కడుపులో తగ్గాయి.

గ్రాముల లెక్కతో సహాయాన్ని కొలిచే అలవాటు మన సీమకు కొత్త కాదు. 1876-78లో వచ్చిన ధాత కరువు కర్నూలు జిల్లాను తుడిచిపెట్టింది. 1871లో 9 లక్షల 14 వేలున్న జనాభా 1881 నాటికి 6 లక్షల 78 వేలకు పడిపోయింది. ఆ కరువులోనే, 1877లో, సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ దాన్ని వ్యతిరేకించాడు. పౌను ధాన్యంతో మనిషి బతకవచ్చునేమో గాని పని చేయలేడని వాదించాడు. కొన్ని నెలలకే ఆ కొలత మానుకోవలసి వచ్చింది. 1952 కరువులో గంజి కేంద్రాలు వెలిశాయి, బావులు లోతు చేయటానికి సైన్యం వచ్చింది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో రంగన్న, గంగమ్మల బతుకు ఆ కరువు నేలమీదిదే.

టెంపుల్ కూలిని, చిక్కీల పొట్లాన్ని నేను ఒకే గాటన కట్టటం లేదు. వలస దొరతనం ఖర్చు తగ్గించుకోవటానికి కొలిచింది. 2020లో కొలిచింది జనం ఎన్నుకున్న ప్రభుత్వం. కాని రెండు చోట్లా ఒక ఆలోచన మారలేదు. ప్రాణం నిలపటం సహాయం. మనిషి ఎదుగుదల సహాయం లెక్కలోకి రాదు. కరువు కాలంలో చదువు ఆగటాన్ని వానలు ఆగినట్టు ప్రకృతి సిద్ధంగా చూశారు. 2020లోనూ చిన్న పిల్లల చదువు ఆగటాన్ని అట్లాగే చూశాం.

“పాఠాలు కూడా చెప్పారు కదా” అని ఎవరైనా అడగవచ్చు. చెప్పారు. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు వచ్చాయి. ప్రత్యామ్నాయ విద్యా ప్రణాళిక తయారు చేసి, ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, టీవీ గాని రేడియో గాని మాత్రమే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు అని పిల్లలను మూడు వర్గాలు చేశారు. ఈ విభజనలో ఒక నిజాయితీ ఉన్నది. అందరికీ ఫోనున్నదని బుకాయించలేదు. కాని ఏ వర్గం పిల్లవాడికి ఏ యంత్రం ఉన్నదని అడిగారే గాని, ఆ యంత్రం పక్కన కూర్చునే మనిషి ఉన్నాడా అని అడగలేదు. ఆరేళ్ల బిడ్డకు కావలసింది యంత్రం కంటే ముందు మనిషి.

నేను పాఠం చెప్పే డిగ్రీ తరగతుల్లోకి ఆనాటి హైస్కూలు పిల్లలు ఇప్పుడు వచ్చారు. ఇంట్లో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పంతుళ్లయింది వాళ్లే. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాతో అన్నది: “ఫోను నాయన జేబులో చేనికి పోతాండె సార్. పొద్దు మునిగినాక ఇంటికొస్తాండె. పాఠం పదకొండు గంటలకే అయిపోతాండె.” డిజిటల్ విద్య గురించి నేను చదివిన నివేదికల్లో ఇంత సూటిగా చెప్పిన వాక్యం కనిపించలేదు. ఇంట్లో ఫోనున్నదన్న లెక్కలో ఆ కుటుంబం చేరే ఉంటుంది.

వ్యాధి నిజం కాదా, బడులు తెరిచి పిల్లలను చంపమంటారా అనేవాళ్లున్నారు. వాళ్ల ప్రశ్నకు గౌరవం ఇవ్వాలి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే ఎక్కువ కేసులు కర్నూలులోనే ఉన్నాయి. ఆనాడు బడులు మూయటం సరైన పనే. నా విమర్శ మూసినందుకు కాదు, మూసిన తర్వాత బడి అంటే ఏమిటో మరచిపోయినందుకు.

చరిత్రలో వేరే దారులూ ఉన్నాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలో అనేక నగరాలు బడులు మూశాయి. న్యూయార్క్ మూయలేదు. అక్కడి పిల్లలలో అధిక భాగం ఇరుకైన అద్దె గదుల్లో కాపురముండే కార్మికుల బిడ్డలు. ఆ గదుల్లో కంటే నర్సు చూసే బడిలోనే వాళ్లు భద్రంగా ఉంటారని ఆరోగ్యాధికారి కోప్లండ్ వాదించాడు. ఆ నిర్ణయాన్ని మనం 2020లో కాపీ కొట్టాలని కాదు. బిడ్డ ఇల్లు ఎటువంటిదో చూసి బడి సంగతి నిర్ణయించాలన్న పద్ధతి గమనించాలి. మనకు దగ్గరలో కేరళ ఉన్నది. 2020 జూన్ 1న అక్కడ ‘ఫస్ట్ బెల్’ పేరుతో విక్టర్స్ ఛానెల్‌లో పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని పిల్లల కోసం గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో కలిసి చూసే చోట్లు ఏర్పాటు చేశారు. కేరళ స్వర్గమని నేననటం లేదు. పాఠాన్ని ఇంటికి వదిలేయకుండా ఊరి మధ్యకు తెచ్చారు, అది తేడా.

మనకు ఊరి మధ్య చోట్లు లేవా? గుడి మంటపాలున్నాయి, వేపచెట్ల కింద రచ్చబండలున్నాయి. వ్యాధి తగ్గుముఖం పట్టిన నెలల్లో పది మంది పిల్లలను ఎడంగా కూర్చోబెట్టి, రోజుకు ఒక గంట అక్షరాలు దిద్దించటానికి చోటు కరువు కాదు. కొరవడినది ఆదేశం. ఉపాధ్యాయులకు కోవిడ్ విధులు వేశారు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు వరుసలు సరిచేసే పని కూడా వాళ్లకే అప్పగించారు. ఉపాధ్యాయుడిచేత ఏ పనైనా చేయించవచ్చు, పాఠం తప్ప అన్నట్టుగా నడిచింది. తమంత తాముగా వాడలకు పోయి పిల్లలను కూడగట్టిన ఉపాధ్యాయులు లేకపోలేదు. కాని వ్యక్తుల మంచితనం మీద నడిచేది ధర్మం. పద్ధతి మీద నడిచేదే హక్కు.

ఫలితం 2022లో బయటపడింది. గ్రామీణ విద్యాస్థాయిని కొలిచే అసర్ సర్వేలో, మన రాష్ట్రపు మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. పాత అంకె కూడా గర్వపడదగినది కాదు. బడి తెరిచి ఉన్నప్పుడే నీరసంగా ఉన్న చదువు, బడి మూసినప్పుడు సగానికి పైగా రాలిపోయింది. ఇది పిల్లల తెలివికి కొలత కాదు, మనం చేసిన సహాయానికి కొలత.

ఆ తర్వాతైనా గుణపాఠం నేర్చామా? బిడ్డకు బడి దగ్గరగా ఉండటమే కుటుంబానికి పెద్ద సహాయమని ఆ రెండేళ్లు చూపించాయి. 2022 జూన్‌లో ప్రభుత్వం జీవో 117 ఇచ్చి, అనేక ఊళ్లలో 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాల నుంచి తీసి హైస్కూళ్లకు తరలించింది. ప్రభుత్వం మారిన తర్వాత 2025లో దాన్ని ఉపసంహరించారు. పథకాల పేర్లూ మారాయి: అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది, గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. పేర్ల మీద జరిగినంత చర్చ, రేపు మళ్లీ బడి మూయవలసి వస్తే ఆరేళ్ల బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారన్న దాని మీద జరగలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో ఉపాధ్యాయులూ, ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థులూ ఎక్కువ. కరువు సీమలో మళ్లీ ఆపద రాదనుకునే అమాయకులు మనలో ఎవరూ లేరు. ఎండలకో, రోగానికో, వలసకో మళ్లీ బడి ఆగవచ్చు. అప్పుడు మనం అడగవలసినది ఇంకొక పది గ్రాముల బియ్యం మాత్రమే కాదు. బియ్యంతోపాటు బడి కూడా ఆ వాడలోకి రావాలని అడగాలి. ఆ అడగటానికి ఆధారాలు కావాలి. కోసిగిలో సుగ్గి నుంచి తిరిగి వచ్చిన తల్లులు, రాయచోటిలో మనవళ్లను పెంచిన అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్లు మరచిపోక ముందే పోయి, వాళ్లు చెప్పేది రాసుకొని రావటం మన మొదటి పని.