వామన వృక్షమునకు వైద్యము

పుదుచ్చేరి నగరమున ఇందిరా నగర్ వంటి నివాస ప్రాంతముల ఇండ్లలో మరుగుజ్జు మర్రియో, జువ్వియో పింగాణి పళ్ళెములో నిలిచి కనబడుట నేడు వింత కాదు. వేసవి ఉక్కకు తలుపులు మూసి, ఏ.సి. నడుపు గదిలో ఆ చెట్టును ఒక మూల నుంచుదురు. కొన్ని మాసములకు ఆకులు పసుపుబారును, చిగుళ్ళు పుట్టవు, కొమ్మలు కొనలనుండి ఎండును. దాహమనుకొని ఇంటివారు మరింత నీరు పోయుదురు. అప్పటికిని తేరుకొననిచో ఎరువు వేయుదురు. ఆ ఆదరమే చెట్టుకు ప్రాణాంతకమగును.

ఈ రోగలక్షణములు క్రొత్తవి కావు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఒక అధ్యాయమును వృక్షాయుర్వేదమునకే కేటాయించెను. చలి, గాలి, ఎండ అను మూటివలన చెట్లకు రోగము కలుగుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్ళు పెరుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట దాని గుర్తులనియు అతడు చెప్పెను. అతని చికిత్సలో మొదటి మెట్టు ఔషధము కాదు. శస్త్రముతో శుద్ధి చేయుట. వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపిన పూతయు, పాలు కలిపిన నీరును ఆ పిమ్మటనే. తరువాతి కాలమున సురపాలుడు వృక్షాయుర్వేదమను పేర ప్రత్యేక గ్రంథమునే రచించి, మనుష్యులకువలెనే చెట్లకును వాత పిత్త కఫ దోషములను నిరూపించెను. ఆక్స్‌ఫర్డులోని వ్రాతప్రతి ఆధారముగా ఆ గ్రంథమునకు ఆంగ్లానువాదమును 1996లో ప్రకటించినది సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్.

చెట్టును పళ్ళెములో పెంచు విద్య చీనాలో పుట్టినది. 706 నాటి ఒక రాజకుమారుని సమాధి గోడపై, చిన్న చెట్లు గల పళ్ళెమును పరిచారకులు మోసికొనిపోవు చిత్రము కలదు. జపానువారు ఆ విద్యను నేర్చి బోన్సాయ్ అను పేర వృద్ధి చేసిరి. 1625 నుండి తరతరములుగా పెంపబడిన ఒక పైన్ జాతి చెట్టు 1945లో హిరోషిమాపై పడిన అణుబాంబునుండి కూడ బ్రదికి, 1976లో అమెరికాకు కానుకగా చేరినది. పళ్ళెములోని చెట్టు అల్పాయుష్షుది అనుట సరి కాదు. దాని ఆయుష్షు పెంచువారి వివేకముపై ఆధారపడియుండును.

మర్రి జాతి సహజముగా గట్టి ప్రాణము గలది. కలకత్తా సమీపమున శిబ్‌పూర్ వృక్షోద్యానములోని మహావటము మూలకాండము బూజు రోగముచే చెడిపోగా, 1925లో దానిని పూర్తిగా తొలగించిరి. ఊడలే కాండములై ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. మన తెలుగునాట మహబూబ్‌నగర్ వద్దనున్న పిల్లలమర్రి చెదపురుగుల పాలై, 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ యొకటి విరిగిపడినది. అధికారులు సందర్శకులను నిలిపివేసి వైద్యమునకు పూనుకొనిరి. కాండమునకు రంధ్రములు చేసి పోసిన మందు మొదట బయటకే కారిపోయినది. అంతట 2018లో, ఆస్పత్రిలో రోగికి సెలైన్ ఎక్కించునట్లు, క్లోర్‌పైరిఫాస్ కలిపిన నీటిని సీసాలనుండి బొట్టుబొట్టుగా ఎక్కించిరి. బరువైన కొమ్మలకు కాంక్రీటు ఊతములు కట్టిరి. ఒక్కసారి గుమ్మరించిన మందును నిలుపుకొనలేని చెట్టు, బొట్టుగా వచ్చినదానిని గ్రహించినది.

పళ్ళెములోని మర్రికిని న్యాయమిదియే. వేళ్ళకు నీటితోపాటు గాలియు కావలెను. వెలుతురు చాలని గదిలో ఆకులు నీటిని స్వల్పముగానే పీల్చును, పోసిన నీరు మట్టిలోనే నిలిచి గాలికి చోటు లేకుండ చేయును, వేళ్ళు కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు గనుక, తడిమట్టిలోనే చెట్టు వాడిపోవును. చూచువారు దానిని దాహమని భ్రమింతురు.

కావున మొదట కొమ్మపై గోటితో కొంచెము గీచి చూడవలెను. లోపల పచ్చగానున్నచో ప్రాణమున్నట్లే. చెట్టును మెల్లగా పెకలించి, నల్లబడి మెత్తనైన వేళ్ళను శుభ్రమైన కత్తితో కోసివేసి, గట్టి వేళ్ళను మాత్రము ఉంచవలెను. ఇసుక, ఇటుక రజను కలిసి నీరు సులువుగా జారిపోవు మట్టిలో మరల నాటవలెను. తొలుత నీడపట్టున నుంచి, క్రమముగా వెలుతురుకు అలవాటు చేయవలెను. పైమట్టి ఆరనారంభించిన పిమ్మటనే నీరు పోయవలెను. క్రొత్త చిగురు కనబడువరకు ఎరువు మాటయే తలపరాదు. ఏ.సి. గాలి పొడిది; సముద్రతీరపు తేమగాలి ఈ జాతికి హితము. కావున గదికంటె వరండాయే మేలు.

బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగుల ఇండ్లలో మరియొక మాట స్మరింపదగినది. జువ్వి జాతి చెట్లు చోటు మారినంతనే ఆకులు రాల్చుట సహజము. అది మరణమని తలచి పారవేయుట తొందరపాటు. పరదేశపు మొక్కలు ఈ నేలకు అలవడుటకు పుదుచ్చేరిలోనే ఫ్రెంచివారు 1826లో వృక్షోద్యానమును స్థాపించిరి. అచటి మొక్కలును కాలము తీసికొనియే వేరూనినవి. పిల్లలమర్రిని కాచుటకు ప్రభుత్వము కలదు. పళ్ళెములోని మర్రికి ఆ ఇంటివారు తప్ప వేరు దిక్కు లేదు. చెడినదానిని కోసి, వెలుతురు చూపి, నీరు పోయు చేతిని కొన్ని వారములు నిగ్రహించుకొన్నచో, ఎండినదనుకొన్న కొమ్మ కణుపున ఎఱ్ఱని మొగ్గ తలయెత్తవచ్చును.