ఎలుగుబంటి ఎదురైతే ఏ తుపాకీ? అలాస్కా క్యాంపింగ్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లలో వేసవి సెలవులకు అలాస్కా అడవుల్లో టెంట్ వేసుకుని నాలుగు రోజులు గడపాలనుకునేవారు ఉంటారు. అలాస్కా పేరు ఎత్తగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎలుగుబంటి వస్తే ఏం చేస్తావ్? ఒక తుపాకీ కొనేస్తే సరిపోతుంది కదా అని చాలామందికి అనిపిస్తుంది. కానీ వీసా మీద ఉన్నవారికి ఆ తుపాకీయే ఎలుగుబంటి కంటే పెద్ద ముప్పు కావచ్చు. చట్టం అడ్డురాని వారికి కూడా ఏ తుపాకీ అన్నదానికంటే దాన్ని ఎంత త్వరగా, ఎంత గురిగా వాడగలరన్నదే ముఖ్యం.

మన ఎలుగు వేరు, అక్కడి ఎలుగు వేరు

శ్రీకాకుళం ఉద్దానంలో జనాన్ని భయపెట్టే మన ఎలుగుబంటి బరువు మగదైతే సుమారు 80 నుంచి 145 కిలోలు. అలాస్కా తీరంలోని బ్రౌన్ బేర్ అంతకు ఎన్నో రెట్లు. కోడియాక్ దీవిలో పెద్ద మగ ఎలుగులు 600 కిలోల దాకా పెరుగుతాయి. అలాస్కాలో బ్రౌన్ బేర్లు సుమారు 30 వేలు, బ్లాక్ బేర్లు సుమారు లక్ష ఉంటాయని అంచనా. ఇవి గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలవు. అంటే 30 మీటర్ల దూరంలో కనిపించిన జంతువు రెండు సెకన్లలో మీద పడగలదు. తుపాకీ గురించి ఏ లెక్క వేసినా ఈ రెండు సెకన్ల నుంచే మొదలుపెట్టాలి.

వీసాదారులకు చట్టం ఏం చెబుతోంది?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి, బి-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలపై వచ్చినవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. తుపాకీ స్నేహితుడిదే అయినా, చేతిలో ఉంటే నేరమే. శిక్ష 15 ఏళ్ల జైలు దాకా ఉండవచ్చు, దేశం నుంచి పంపించేసే ప్రమాదం కూడా ఉంది. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ముగియని వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. వీసా గడువు దాటి ఉంటున్నవారికి ఈ మినహాయింపు వర్తించదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి ఈ నిషేధం లేదు. అలాస్కాలో 21 ఏళ్లు దాటినవారు పర్మిట్ లేకుండానే తుపాకీ పెట్టుకోవచ్చన్న మాట నిజమే. కానీ రాష్ట్ర చట్టం ఫెడరల్ నిషేధాన్ని తొలగించదు. మినహాయింపు మీద ఆధారపడాలనుకునేవారు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడటం మంచిది.

అర్హత ఉన్నవారికి ఏది పనికొస్తుంది?

అలాస్కా వన్యప్రాణి శాఖ సూచించేవి రెండు: .300 మాగ్నమ్ రైఫిల్, రైఫిల్డ్ స్లగ్‌లతో 12 గేజ్ షాట్‌గన్. .44 మాగ్నమ్ లాంటి భారీ చేతి తుపాకులు కూడా అత్యవసర సమయంలో చాలకపోవచ్చని, ముఖ్యంగా శిక్షణ లేనివారి చేతుల్లో, ఆ శాఖ హెచ్చరిస్తోంది.

షాట్‌గన్‌లో స్లగ్ అంటే ఒకే పెద్ద సీసపు గుండు. పిట్టల వేటకు వాడే చిన్న గుళ్లు ఎలుగును ఆపవు. .45-70 లీవర్ రైఫిల్‌కు కూడా దగ్గరి దూరంలో మంచి పేరుంది. రైఫిల్‌కు టెలిస్కోప్ ఉంటే దగ్గరికొచ్చిన జంతువును గురిపెట్టడం కష్టమవుతుంది.

పొడవు తుపాకీతో చిక్కేమిటంటే బరువు. బ్యాగుకు కట్టేస్తే అవసరానికి చేతికి రాదు. అందుకే చాలామంది ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్‌లో .44 మాగ్నమ్ రివాల్వర్ గానీ, 10 ఎంఎం పిస్టల్ గానీ పెట్టుకుంటారు. రివాల్వర్‌లో తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, కానీ ఉండేవి ఐదారు తూటాలే. పైగా వెనక్కి గట్టిగా తన్నుతుంది. పిస్టల్‌లో తూటాలు ఎక్కువ, దెబ్బ బలం .44 కంటే తక్కువ. రెండింటిలోనూ లోపలికి లోతుగా దిగే గట్టి సీసపు తూటాలు కావాలి.

స్ప్రే సంగతి

అలాస్కాలో 1883 నుంచి 2009 వరకు తుపాకులు ఉన్న 269 ఘటనలను పరిశోధకులు పరిశీలించారు. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సందర్భాల్లో పని చేశాయి. అయితే తుపాకీ కాల్చినవారికీ, దగ్గరుండి కాల్చనివారికీ గాయాలైన తీరులో తేడా కనబడలేదు. అంతకుముందు వచ్చిన మరో అధ్యయనంలో మిరప ఘాటుతో చేసే బేర్ స్ప్రే బ్రౌన్ బేర్లను 92 శాతం సార్లు ఆపింది. స్ప్రే దగ్గరున్నవారిలో 98 శాతం మందికి గాయం కాలేదు.

రెండు అధ్యయనాల్లోని ఘటనలు ఒకేలాంటివి కావు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. కానీ స్ప్రేకు అంత గురి అక్కర్లేదు, వీసా అడ్డం రాదు. కొనేటప్పుడు డబ్బా కనీసం 225 గ్రాములు ఉండాలి, 25 అడుగులు చిమ్మాలి, ఆరు సెకన్లు రావాలి. ఎదురుగాలిలో మాత్రం అది మన కళ్లలోకే వస్తుంది. విమానంలో హ్యాండ్ బ్యాగేజీలోనూ, చెక్-ఇన్‌లోనూ అనుమతి లేదు. దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి.

దారిలో, పార్కులో

తుపాకీని విమానంలో తీసుకెళ్లాలంటే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ చేయాలి. వేరే రాష్ట్రంవాళ్లకు అలాస్కాలో చేతి తుపాకీ నేరుగా అమ్మరు. కెనడా మీదుగా కారులో వెళ్లేవారు చేతి తుపాకీ తీసుకెళ్లే ఆశ వదులుకోవాలి. రైఫిల్, షాట్‌గన్‌లకు సరిహద్దులో డిక్లరేషన్ తప్పనిసరి. అమెరికా నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చు. ఉంచుకోవడం వేరు, కాల్చడం వేరు. చాలా పార్కుల్లో కాల్చడం నిషేధమే.

అలాస్కాలో ప్రాణరక్షణ కోసం ఎలుగును చంపితే కథ అక్కడితో అయిపోదు. చర్మాన్ని గోళ్లతో సహా, తలపుర్రెతో పాటు ప్రభుత్వానికి అప్పగించాలి. 15 రోజుల్లో రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. తిండి బయట పెట్టి ఎలుగును మనమే పిలుచుకున్నట్టు తేలితే ఆత్మరక్షణ వాదన నిలవదు.

అసలు జాగ్రత్త టెంట్ దగ్గరే

వంట, తిండి నిల్వ టెంట్‌కు కనీసం 90 మీటర్ల దూరంలో ఉండాలి. టూత్‌పేస్ట్, సబ్బు కూడా తిండితో పాటే ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టాలి. డెనాలీ పార్కు లోపలి అడవుల్లో ఇది తప్పనిసరి. నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ గుంపుగా వెళ్లాలి. ఎలుగు కనిపిస్తే పరుగెత్తకూడదు.

తుపాకీ తీసుకెళ్లేవారు బయల్దేరే ముందే రేంజ్‌లో సాధన చేయాలి. హోల్‌స్టర్ నుంచి తీసి రెండు సెకన్లలో గురి తగిలేలా కాల్చలేకపోతే ఆ తుపాకీ మోత బరువే. అలాంటివారికి, వీసాదారులకు, నడుముకు కట్టుకున్న స్ప్రే డబ్బాయే సరైన తోడు.