రెండు ప్రమాణాలు: గుంటూరులో డాక్టర్ మేరీ గ్లోరీ

మలేసియాలోని తెలుక్ ఇంటాన్ అనగానే 1885లో కట్టిన, ఒక పక్కకు ఒరిగిన గడియారస్తంభం గుర్తుకు వస్తుంది. 1982 వరకు తెలుక్ ఆన్సన్‌గా వ్యవహరించిన ఈ రేవుపట్టణానికి తెలుగువారితో పాత బంధుత్వం ఉంది. దగ్గరలోని బగాన్ దాతుక్ కొబ్బరితోటల్లో పనికి కోస్తాంధ్ర నుంచి వెళ్ళిన కూలీల వారసులు నేటికీ ఆ ప్రాంతంలో ఉన్నారు. ఊళ్ళో ‘కాన్వెంట్’ అన్న పేరు మోస్తున్న బడి మరొక వలసను గుర్తుచేస్తుంది. ఇన్‌ఫంట్ జీసస్ సభకు చెందిన ఫ్రెంచి మఠకన్యలు 1852లో పెనాంగ్ చేరి, మలయాలో బాలికల విద్యకు, అనాథ శిశువుల పోషణకు పునాదులు వేశారు.

మఠకన్యలు పాఠాలు చెప్పారు, అనాథలను పెంచారు, రోగులకు పరిచర్య చేశారు. కాని మఠకన్య డాక్టరుగా వైద్యం చెయ్యడం ఆనాడు ఊహకు అందని విషయం. 1917 నాటి క్యాథలిక్ ధర్మశాస్త్రం ప్రకారం రోము నుంచి ప్రత్యేకానుమతి లేనిదే సన్న్యాస సభల సభ్యులు వైద్యం, శస్త్రచికిత్స చెయ్యరాదు. కాన్పులు చెయ్యడంపై అభ్యంతరం మరింత బలంగా ఉండేది. ఈ తలుపు తెరుచుకున్న తొలి చోట్లలో ఒకటి మన గుంటూరు. తెరిపించిన వ్యక్తి మేరీ గ్లోరీ.

ఆమె 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టారు. 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందారు. స్త్రీలు డాక్టర్లు కావడమే అరుదైన ఆ రోజుల్లో మెల్‌బోర్న్‌లో సొంతంగా వైద్యవృత్తి సాగించారు. 1916లో క్యాథలిక్ మహిళా సాంఘిక సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. అంతకు ముందు ఏడాది ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. భారతీయ స్త్రీల వైద్యంకోసం పాటుపడిన స్కాట్లండు డాక్టరు ఆగ్నెస్ మెక్‌లారెన్ జీవితం గురించి అది. పురుష వైద్యుల దగ్గరకు వెళ్ళలేని స్త్రీలు, పుట్టీపుట్టకముందే పోతున్న పసివాళ్ళు ఉన్న దేశానికి స్త్రీవైద్యులు కావాలన్నది మెక్‌లారెన్ వాదన. సన్న్యాసినులను వైద్యానికి అనుమతించాలని ఆమె రోముకు పదేపదే విన్నవించారు. అనుమతి రాకముందే 1913లో కన్నుమూశారు.

గ్లోరీ ఆ పుస్తకం చదివి వెంటనే ఓడ ఎక్కలేదు. ప్రసూతి, స్త్రీవ్యాధులు, నేత్రవైద్యాలలో పైచదువు పూర్తిచేసి, 1920 జనవరిలో మెల్‌బోర్న్ విడిచారు. ఫిబ్రవరి 12న గుంటూరు చేరి, 1904 నుంచి అక్కడ పనిచేస్తున్న డచ్చి మఠకన్యల జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరారు. సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. గుంటూరుకు స్త్రీవైద్యం కొత్త కాదు. అమెరికన్ లూథరన్ మిషన్‌కు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లోనే అక్కడికి వచ్చారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. అంటే క్యాథలిక్కులకు అడ్డుపడినది స్త్రీవైద్యుల కొరత ఒక్కటే కాదు, తమ నియమం కూడా. డాక్టరుగా చేసిన ప్రమాణం రోగిని వదలవద్దంటుంది. సన్న్యాసినిగా చేసే ప్రమాణం విధేయత కోరుతుంది. గ్లోరీ నియమాన్ని ధిక్కరించలేదు, వృత్తినీ వదులుకోలేదు. పోప్ పదిహేనవ బెనెడిక్ట్ ఇచ్చిన ప్రత్యేకానుమతితో సన్న్యాసినిగానే వైద్యం కొనసాగించారు. సన్న్యాసినులు ప్రసూతి వైద్యం చెయ్యవచ్చునని రోము సాధారణ ఆదేశం వెలువరించినది 1936లో. ఆనాటికి గుంటూరులో ఆ పని ఏళ్ళ తరబడి జరుగుతూనే ఉంది.

చిన్న వైద్యశాలగా మొదలైన సేవ సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలాకాలం అక్కడ ఆమె ఒక్కరే డాక్టరు. ఒక్క మనిషి చేతులు ఎన్ని కాన్పులకు అందుతాయి? అందుకే స్థానిక యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా, మందులు కలిపేవారిగా శిక్షణ ఇచ్చారు. ఇక్కడి మొక్కల ఔషధగుణాలనూ అధ్యయనం చేశారు.

1943లో మరో అడుగు వేశారు. చెల్లాచెదురుగా ఉన్న ఆసుపత్రులను కలపడానికి ఆ జులైలో పదహారుమంది సన్న్యాసినులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. గ్లోరీ చొరవతో పుట్టిన ఆ క్యాథలిక్ ఆసుపత్రుల సంఘానికి నేడు సికింద్రాబాదు కేంద్రం. సభ్యసంస్థలు మూడువేలకు పైబడ్డాయి. క్యాథలిక్ వైద్యకళాశాల ఒకటి రావాలని ఆమె కోరుకున్నారు. క్యాన్సర్‌తో 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. అదే నగరంలో 1963లో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల మొదలైంది. 2013లో చర్చి ఆమెను ‘దైవసేవకురాలి’గా ప్రకటించింది.

ఇటువంటి జీవితాలను తలుచుకొనేటప్పుడు త్యాగమన్న మాటను తేలికగా వాడుతుంటాం. గ్లోరీ వదులుకున్నవి చాలా ఉన్నాయి: ఇల్లు, దేశం, సంపాదన, చివరికి సొంత పేరు. వదులుకోనిది వైద్యం. ఆ ఒక్కటి నిలుపుకోవడానికి రోము దాకా అనుమతి అడగవలసి వచ్చింది. దేశంకాని దేశంలో వృత్తినీ, విశ్వాసాన్నీ ఒకే గూట్లో దాచుకోవడం ఎంత కష్టమో తెలుగు వలసకుటుంబాలకు చెప్పనక్కరలేదు. మనవాళ్ళు తూర్పు సముద్రం దాటి మలయా తోటలకు బతుకుతెరువుకోసం వెళ్తున్న దశాబ్దాలలోనే, దక్షిణాన మరో సముద్రం దాటి ఒక డాక్టరు మన స్త్రీలకోసం గుంటూరు వచ్చి ముప్ఫయ్యేడేళ్ళు ఈ దేశంలోనే ఉండిపోయారు. మన వలసల చరిత్ర రాసుకొనేటప్పుడు, మన దగ్గరకు వచ్చిన ఇలాంటి వలసలకూ అందులో కొన్ని పుటలు ఉండాలి.