చెట్ల రేకు బోర్డులు

మా వరండా గోడకు అటవీశాఖ పాత రేకు బోర్డులు పదకొండు ఉన్నాయి. ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్నది మనం వేదవాక్యమనే అనుకున్నాం. నిజానికి మనుస్మృతిలో ధర్మం గురించి చెప్పిన మాటలో ధర్మం తీసి వృక్షం పెట్టారు. 1950 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం ప్రారంభించాక మొక్కలు నాటడం బడులకూ పండగైంది. మన బడిలోనూ ఏటా గుంతలు తవ్వేవాళ్లం, చాలావరకు నిరుడు తవ్విన చోటే!

తొమ్మిది బోర్డులు పాత ఇనుము కొట్లో కిలో లెక్కన కొన్నాను. మిగతా రెండూ నేను చేయించిన రోడ్డు వెడల్పు పనిలోవి. చింతచెట్లు కొట్టేముందు మేకులు పీకించి తెచ్చుకున్నాను. ఒకదాని మీద ‘చెట్లు నరుకుట నేరము’ అని ఉంది. ఆ పని ఎం.బుక్‌లో సంతకం నాదే.